నాయన అని రాసిన మీట

బేసు గిటారు వాయించేవాడు ఏ లెక్కలోనైనా బేసి మనిషే. పాడేవాళ్ల పేరు జనానికి గుర్తుంటుంది. కీబోర్డు వాయించేవాడి వేళ్లు పెళ్లి వీడియోలో పడతాయి. వెనక నాలుగు తీగల గిటారు పట్టుకుని నిలబడ్డ నాలాంటివాణ్ణి మాత్రం భోజనాల దగ్గర పెద్దమనిషి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "ఏమప్పా, నీ గిటారుకు రెండు తీగలు తెగిపోయినట్లుండాయే, కొత్తవి ఏపించుకోకూడదా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఇరవై రకాల జవాబులున్నాయి. కానీ పోయిన ఏడాది ఉగాదికీ ఆషాఢానికీ మధ్య, ఆ ఒక్క ముహూర్తాల సీజనులో, జవాబు లేని ప్రశ్న ఒకటి ఎదురైంది. మాటకు మాట తట్టకపోవడం మా వంశంలో అదే మొదటిసారి.

నా పేరు పెంచలయ్య. పుట్టింది బద్వేలు, స్థిరపడింది కర్నూలు పక్కన కల్లూరులో. స్టీలు సామాన్ల అంగడి. గిన్నెలమ్మడమే కాదు, వాటిమీద పేర్లు చెక్కేది కూడా నేనే. పొద్దున్నుంచి బిందెలూ బేసిన్లూ మోగే చోట బతికేవాడికి గొంతు పెద్దది కాకుండా ఎట్లా ఉంటుంది? మా ఆవిడ నాగరత్నమ్మ అంటుంది, నేను అంగట్లో గుసగుసలాడితే ఎదురుగా షేర్ ఆటోలో కూర్చున్నవాళ్లు దిగి వస్తారని.

మా అమ్మాయి శ్రావణి బాగా పాడుతుంది. డిగ్రీ అయిపోయాక, యేసుప్రసాద్ అని కీబోర్డు వాయించే అతని ఆర్కెస్ట్రా ట్రూపులో పెళ్లిళ్లకు పాడతానంది. శెట్టిగారి కూతురు ఊరూరా పెళ్లి పందిళ్లలో పాటలా అని బద్వేలు బంధువులు ఫోన్లు చేశారు. అప్పుడు నేనొక షరతు పెట్టాను: నేను స్టేజి మీద ఉంటేనే నువ్వు స్టేజి మీద. కాలేజీ రోజుల్లో వాయించిన బేసు గిటారును అటక మీంచి దించాను. యేసుప్రసాద్‌కు ఆ పిల్ల గొంతు కావాలి. పూలతో పాటు నారనూ తీసుకెళ్లక తప్పలేదు.

సీజనులో మొదటి పెళ్లి కల్లూరులోనే ఫంక్షన్ హాల్లో జరిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వైర్లు చుట్టుకుంటుంటే యేసుప్రసాద్ నా పక్కన కూర్చున్నాడు.

"పెంచలన్నా, ఒక మాట చెప్తా. కోపం చేసుకోవద్దు."

"చేసుకుంటే ఏమిలే, గిన్నెలో పెట్టి మూతేస్తా. చెప్పు."

"నీ బేసు సమంగా రాలేదన్నా. ఒక దెబ్బ బండ పగలగొట్టినట్లు పడతాది. ఇంకో దెబ్బ పడిందో లేదో దేవునికే తెలియల్ల. పాప పై స్థాయికి పోయి సన్నగా గొంతు ఎత్తుకునేటప్పుడు నువ్వు ఢమ్మని కొడతాండావు. ఆయమ్మ గొంతు ఆ ఢమ్ములో పడిపోతాంది."

"బేసు అంటే పునాది గదప్పా. పునాది గట్టిగా ఉండొద్దా?"

"పునాది గట్టిగా ఉండల్ల. నడింట్లో మొలిస్తే ఎట్ల?" అన్నాడు. మామూలుగా నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు. "ఆషాఢం లోపల సరిచేసుకోన్నా. కాలేదంటే శ్రావణం నుంచి బేసు నా ఎడమ చేత్తో కీబోర్డు మీదనే వాయించుకుంటా. నువ్వు పెద్దోడివి, ముందు వరుసలో కుర్చీ వేపిస్తా."

"శ్రావణంలో నేను లేకుంటే శ్రావణి కూడా ఉండదు," అన్నాను.

"తెలుసన్నా. అందుకే అడుగుతాండా."

సౌండు చూసుకునే దేవేంద్రప్ప అంతా విన్నాడు. కోసిగి వైపు మనిషి, మాట తక్కువ. మిక్సర్ మీద గుడ్డ కప్పుతూ అన్నాడు: "కంప్రెషర్ పెట్టుకో శెట్టీ. పెద్ద దెబ్బను అణుస్తాది, చిన్న దెబ్బను లేపుతాది. కాలి కాడ పెట్టుకునే డబ్బా. శానామంది బేసోళ్లు వాడతారు."

నాలుగో రోజు పార్శిలొచ్చింది. అరచేతి కంటే కొంచెం పెద్ద ఇనప డబ్బా. గిటారు వైరు ఒకవైపు నుంచి లోపలికి పోయి, ఇంకోవైపు నుంచి స్పీకరుకు పోతుంది. పైన తిప్పుకునే మరలు ఐదు, కాలితో తొక్కే బటను ఒకటి, ఒక చిన్న ఎర్ర లైటు.

"ఇదేనా కంప్రెషరు?" అంది నాగరత్నమ్మ. "బోరు మోటరుకు పెడతారే, అంతుంటాది అనుకుంటి."

"అది నీళ్లు రాకుంటే పెట్టేది. ఇది నాకు పాట రాకుంటే పెట్టేది. రెండూ బోరుకే."

"ఏం చేస్తాది?"

"పెద్ద గొంతును అణిచి చిన్న గొంతును లేపుతాది."

ఆమె డబ్బాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మనిషికి పెట్టుకునేది దొరకదా?" అంది.

నేను గట్టిగా నవ్వాను. ఆమె నవ్వలేదని గమనించడానికి నాకు ఆషాఢం దాకా పట్టింది.

ఆ ఐదు మరలతో నేను పడ్డ బాధ నా పగవాడు కూడా పడకూడదు. ఒకటి 'అటాక్'. నా వయసువాడు చదవదగ్గ మాట కాదు. ఇంకొకటి 'రిలీజు'. ఇది సినిమాదో జైలుదో తెలీదు. మూడోది 'రేషియో', రేషను కార్డుకు చెల్లెలు. నాలుగోది 'లెవెలు', అణిచిన మోతను మళ్లీ పెంచుకోవడానికి. ఐదోది అసలైనది, 'త్రెషోల్డ్'. అంటే ఏమిటని శ్రావణినడిగితే, "గడప నాయనా," అంది.

ఆ మాటతో కొంచెం ధైర్యం వచ్చింది. మా జిల్లా కడపకు ఆ పేరొచ్చింది గడప నుంచేనంటారు. గడప సంగతి కడపవాడికి ఒకరు చెప్పాలా? సంగతి ఇదీ: మోత ఆ గడప దాటి లోపలికొస్తే డబ్బా దాని నెత్తిన ఒకటి మొట్టుతుంది. గడప దాటకుండా బుద్ధిగా ఉన్న మోతను ఏమీ అనదు. మొట్టినప్పుడల్లా ఎర్ర లైటు వెలుగుతుంది.

ఇక్కడే నేను తప్పు చేశాను. కోమటింట్లో పుట్టినవాడే చేయగలిగిన తప్పు.

అంగట్లో లక్ష్మీదేవి పటం ముందు మాకొక చిన్న లైటుంటుంది. మా నాయన కాలం నుంచీ అది ఆరితే అంగడికి మంచిది కాదు. దానికి తోడు, కొన్న వస్తువు పని చేయకుండా ఊరికే కూర్చుంటే శెట్టికి అన్నం సయించదు. గడపను ఎత్తుగా ఉంచితే ఈ డబ్బాలో లైటు ఎప్పుడో ఒకసారి మిణుక్కుమని ఆరిపోతోంది. మిగతా సమయమంతా ఏం చేస్తున్నట్టు? కాబట్టి గడపను దించాను. ఇంకా దించాను. చివరికి నేలకు సమానం చేశాను. అప్పుడు మొదటి తీగ మీటినప్పటి నుంచి పాట అయిపోయేదాకా లైటు ఆరకుండా, కన్నులపండువగా వెలిగింది. అన్నిటినీ మొట్టేసరికి మోత చచ్చిపోయింది. దాన్ని బతికించడానికి లెవెలు మరను తిప్పగలిగినంత తిప్పాను. అప్పుడు వెనకనుంచి సన్నగా 'మ్‌మ్‌మ్' అని ఒక రొద మొదలైంది. అంగట్లో ఫ్యాను అనుకున్నాను. ఫ్యాను ఆపినా పోలేదు. కరెంటు అనుకున్నాను. కల్లూరులో కరెంటును ఏమన్నా అనొచ్చు.

తర్వాతి పెళ్లిలో యేసుప్రసాద్ వంగి డబ్బా చూశాడు. "అన్నా, లైటు ఎప్పుడూ వెలుగుతానే ఉండకూడదు. గట్టిగా కొట్టినప్పుడు మాత్రం ఒక తూరి వెలిగి ఆరల్ల."

"అట్ల ఎప్పుడో ఒకసారి వెలిగేది వీధి లైటప్పా. ఇది నా సొంత లైటు," అన్నాను.

అతను శ్రావణి వైపు ఒకసారి చూసి, కీబోర్డు దగ్గరికి పోయాడు.

ఆ పెళ్లి తర్వాత వింత జరిగింది. నా బేసు గురించి ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. నంద్యాలలో అనలేదు, ఆదోనిలో అనలేదు, పొద్దుటూరులో మూడు గంటల ప్రోగ్రాములో అనలేదు. డబ్బా గెలిచిందన్నమాట. నేను సంతోషించాలి. కానీ నాకు చిరాకు పెరిగింది. తిట్టు ఆగిపోయింది, మెచ్చుకోలు మొదలవలేదు. ఈ రెంటికీ మధ్య ఉండే ఖాళీలో మనిషి నిలబడలేడు.

ఇంకొక బాధ. బేసు అనేది చెవితో వినేది కాదు. స్టేజికి రెండు పక్కలా పెట్టే పెద్ద స్పీకరు పెట్టెల్లోంచి వచ్చి పొట్టలో తగలాలి, చొక్కా గుండీలు అదరాలి. ఆ సీజనంతా నా గుండీలు నిమ్మళంగా ఉన్నాయి. నా వెనకున్న చిన్న పెట్టెలోంచి మాత్రం సన్నగా వినిపించేది. చాలడం లేదని ఇంకా గట్టిగా కొట్టేవాణ్ణి. ఎంత గట్టిగా కొట్టినా డబ్బా మొట్టేది. రెండు వేళ్లు బొబ్బలెక్కి, గిన్నెల మీద అక్షరాలు వంకర పోవడం మొదలైంది. 'సుబ్బమ్మ జ్ఞాపకార్థం' అని చెక్కాల్సినచోట దెబ్బకు గిన్నెకు చిల్లి పడి, సుబ్బమ్మ జ్ఞాపకాలన్నీ కారిపోయే స్థితి వచ్చింది.

రోజూ మధ్యాహ్నం అంగడి షట్టరు సగం దించి మరలు తిప్పేవాణ్ణి. అటాకు పెంచు, రిలీజు తగ్గించు. రేషియో రెండు, రేషియో ఎనిమిది. శ్రావణి అన్నం క్యారియరు తెచ్చినప్పుడల్లా అడిగేవాణ్ణి.

"ఎట్లుండాది శ్రావణీ బేసు ఇప్పుడు?"

"బాగుండాది నాయనా. ఏం ఇబ్బంది లేదు."

"నిన్నటికంటే?"

"నిన్న కూడా ఏం ఇబ్బంది లేదు."

ఆమె ఇంకేదో చెప్పబోయేది. "నాయనా, ఒకటి చెప్పల్ల," అని ఒకటి రెండుసార్లు మొదలుపెట్టింది కూడా. "ఒకటేం ఖర్మ, రెండు చెప్పు, ఒకటి ఉచితం," అనేవాణ్ణి. క్యారియరు మూతలు పెట్టుకుని వెళ్లిపోయేది.

ప్రతి ప్రోగ్రాములో మొదటి పాటకు ముందు ఆ పిల్లకొక అలవాటుండేది. మైకు పట్టుకుని, ఎదురుగా దూరంగా మిక్సర్ ముందు కూర్చున్న దేవేంద్రప్పను చూసి, రెండో చెయ్యి నడుము దగ్గర పెట్టి అరచేతిని మెల్లగా కిందికి దించేది. అతను తల ఊపేవాడు. అది దణ్ణమో, దైవప్రార్థనో అనుకున్నాను. పెద్దల పట్ల ఎంత భక్తి అని మనసులో మురిశాను కూడా.

జ్యేష్ఠంలో కోసిగి పెళ్లి ఒప్పుకున్నాం. మిరపకోతలకు గుంటూరు వైపు పోయినవాళ్లందరూ తిరిగొచ్చి పెళ్లిళ్లు పెట్టుకునే రోజులు. బయలుదేరే రోజు పొద్దున దేవేంద్రప్ప ఫోన్ చేశాడు. జ్వరం, లేవలేకుండా ఉన్నాడు. సామాను మనదే కాబట్టి, కోసిగిలోనే ఉండే తన బావమరిది హనుమేష్ వచ్చి మిక్సర్ చూసుకుంటాడని చెప్పాడు.

హనుమేష్ ముప్ఫై ఏళ్లవాడు. ఊళ్లో మైకుసెట్టు సొంతం. హుషారు మనిషి. "మా బావ దిగులు మనిషి సార్. అన్నీ తగ్గించి పెడతాడు. ఈ పొద్దు చూడు, ఊరు లేచి కూర్చోవల్ల," అని మిక్సర్ మీద ఒక్కో గొంతుకూ ఒక్కో వాయిద్యానికీ ఒకటి చొప్పున ఉన్న జరిపే మీటలన్నింటినీ ఒక్క ఊపులో సమానంగా పైకి నెట్టాడు.

ఇంటి ముందు షామియానా. పదిన్నరకే ఎండ దంచుతోంది. పురోహితుడు మంత్రాలు మొదలుపెట్టాడు. తాళి కట్టగానే పాట ఎత్తుకోవాలి కాబట్టి నేను గిటారు తగిలించుకుని, డబ్బా తొక్కి, లైటు వెలిగిందని చూసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

షామియానా నిండా ఒక రొద లేచింది. మ్‌మ్‌మ్‌మ్.

పెళ్లికొడుకు అవ్వ, గిడ్డమ్మ, ముందు వరుసలో కూర్చుని ఉంది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏమప్పా, యాడో తేనెతుట్టె లేసినట్లుండాది."

ఇద్దరు మగవాళ్లు లేచి షామియానా కట్టెల వెంబడి పైకి చూస్తూ నడిచారు. ఆడవాళ్లు పిల్లల తలల మీద కొంగులు కప్పారు. ఒకాయన పొగపెట్టడానికి పాత గోనె సంచి తెమ్మని ఎవరికో చెప్పాడు. పురోహితుడు మంత్రం ఆపకుండానే పంచె కాళ్ల దాకా లాక్కున్నాడు. నేను కూడా తల పైకెత్తి తేనెటీగల కోసం వెతికాను. నా తీగలే తేనెటీగలైన సంగతి నాకెట్లా తెలుస్తుంది?

తాళి పడింది. బాజాలు ఆగాయి. యేసుప్రసాద్ పాట ఎత్తుకున్నాడు. నేను మొదటి దెబ్బ కొట్టాను.

పొట్టలో తగిలింది. చొక్కా గుండీలు అదిరాయి. రెండు పెద్ద పెట్టెల్లోంచి నా బేసు, నలిగిపోయి, వాచిపోయి, గేదె గొంతుతో వచ్చింది. గ్లాసుల్లో షర్బత్తు వణికింది. యేసుప్రసాద్ తల తిప్పి నన్ను చూశాడు. ప్యాడ్లు కొట్టే అతను కూడా చూశాడు. వాళ్ల ముఖాల్లో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. ఇదెక్కణ్ణుంచి వచ్చింది అన్నట్టుగా.

శ్రావణి పల్లవి అందుకోబోయి తడబడింది. నడుము దగ్గర చెయ్యి పెట్టి, అరచేతిని కిందికి దించింది. హనుమేష్‌కు అర్థం కాలేదు. మళ్లీ దించింది. అతను మిక్సర్ మీదికి వంగి మీటల కింద అంటించిన కాగితపు పట్టీ చదివాడు. తర్వాత తన దగ్గరున్న మైకు తీసుకుని, పెద్ద పెట్టెల్లో ఊరంతటికీ వినబడేటట్టు, ఎంతో మర్యాదగా అడిగాడు:

"ఏది తగ్గించల్ల పాపా? ఈడ 'నాయన' అని రాసుండాది, ఇదేనా?"

యేసుప్రసాద్ వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. శ్రావణి చెయ్యి అట్లాగే గాలిలో ఉంది. నా వైపు తిరగలేదు. మెడ వెనక జడ కింద చెమట మాత్రం కనబడుతోంది.

"ఏమీ వద్దన్నా," అంది మైకులో. "ఉండనీ."

నేను వంగి డబ్బా బటను తొక్కాను. లైటు ఆరింది. తేనెటీగలు పోయాయి. గిడ్డమ్మ "హమ్మయ్య," అంది.

పాట మళ్లీ మొదలైంది. తీగ మీద వేలు పెట్టాను. పెద్ద పెట్టెల్లోంచి నా మోత నాకు వినబడుతోంది కాబట్టి గట్టిగా కొట్టాల్సిన పనే లేకపోయింది. పల్చటి వెండి కుంకుమభరిణ మీద పేరు చెక్కేటప్పుడు చేతిని ఎట్లా పట్టుకుంటామో అట్లా పట్టుకున్నాను. ఆమె గొంతు సన్నగా పైకి పోయినప్పుడు నేను దాదాపు తాకలేదు. మూడు పాటలు అట్లా అయ్యాయి.

సామాను సర్దుతుంటే మిక్సర్ దగ్గరికి పోయి చూశాను. మీటలు జరిగే గాడులన్నీ వేళ్ల రాపిడికి నున్నగా ఉన్నాయి. ఒక్క గాడిలో సీజను దుమ్మంతా, హనుమేష్ నెట్టిన నెట్టుకు, పై అంచున నల్లటి ముద్దగా చేరుకుంది. దాని కింద పట్టీ మీద 'నాయన' అని శ్రావణి చేతిరాత. అక్షరాలు చెక్కడం నా దగ్గరే నేర్చుకుంది. నకారం తలకట్టు అచ్చం నాలాగే తిప్పుతుంది.

"బేసు బాగొచ్చింది సార్, మొదటి పాట తప్ప," అన్నాడు హనుమేష్.

వ్యాన్లో కర్నూలుకు తిరిగి బయలుదేరాం. నేను మాట్లాడకపోతే ఆ వ్యాన్లో అంత చోటుందని నాకు తెలీదు.

ఇంటికొచ్చాక నాగరత్నమ్మను అడిగాను. ఆమె వాకిట్లో ఎండబెట్టిన వడియాలు ఎత్తుతోంది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"రెండో పెండ్లి కాడినుంచి. శెట్టికి తెలిస్తే బాధపడతాడని దేవేంద్రప్ప ముందు వద్దన్నాడంట, బిడ్డ కాళ్లావేళ్లా పడితే ఒప్పుకున్నాడు."

"మరి నాకు చెప్పొద్దా? నడిబజార్లో బొమ్మలాగా నిలబడి వాయించినానే."

ఆమె చాట కింద పెట్టింది. "బిడ్డ పాడల్లంటే నువ్వు నిలబడల్ల. అది నువ్వు పెట్టిన షరతు. నువ్వు నిలబడి వాయిస్తే దాని పాట వినపడదు. ఏం చేస్తాది అది? నిన్ను దింపితే అది దిగల్ల. అందుకని నిన్ను నిలబెట్టి, నీ మోతను దించింది."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఎవరిమీద చూపించాలో తెలియలేదు. డబ్బామీద చూపిద్దామంటే, అది చెప్పిన పనే చేసింది. నేను గడప తీసేసి అన్నింటినీ మొట్టమన్నాను, మొట్టింది. పెద్ద పెట్టెల్లో వినపడక నేను గట్టిగా కొట్టాను. గట్టిగా కొడుతున్నానని వాళ్లు పెట్టెల్లో లేకుండా చేశారు. రెండు నెలలు ఈ గానుగ తిరిగింది. ఎద్దును నేనే.

మర్నాడు డబ్బాను యేసుప్రసాద్ ఇంటికి పట్టుకుపోయి, అతని ముందు పెట్టాను. అతను గడప మరను పైకి తిప్పి, లెవెలు తగ్గించి, నన్ను వాయించమన్నాడు. గట్టిగా ఒక దెబ్బ కొడితే లైటు రెప్ప కొట్టి ఆరింది. మెల్లగా మీటితే అసలు వెలగలేదు.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతేన్నా. మొదటి వారమే చెప్పింటి."

ఆషాఢానికి ముందు ఆఖరి పెళ్లి కడపలో. పొద్దున్నే బయలుదేరాం. మైదుకూరు దగ్గర టిఫినుకు ఆగినప్పుడు అందరూ లోపలికి పోయారు. శ్రావణి వ్యాను పక్కన నీళ్లు తాగుతోంది. నేను దగ్గరికి పోయాను.

"శ్రావణీ, ఇంకమీద నేను స్టేజి మీద ఉంటేనే అనే మాట లేదు. శ్రావణమాసం నుంచి నువ్వు ఒక్కదానివే పోవచ్చు. యేసుప్రసాద్‌కు కూడా చెప్పేసినా."

"బద్వేలోళ్లు?"

"వాళ్లకు నేను చెప్తా. ఈ గొంతు ఉండేది ఇంకెందుకు?"

సీసా మూత తిప్పి బిగించింది. "మరి నువ్వు?"

"నాకేమి, అంగట్లో గిన్నెలుండాయి. ఎంత కొట్టినా అవి మీటలు దించవు."

ఆమె నవ్వలేదు. "చూస్తివా?" అంది మెల్లగా. "నేను ఎన్నోసార్లు చెప్పల్లని వస్తి నాయనా. నేను నోరు తెరిస్తే నువ్వు జోకేస్తావు. అది అయిపోయేలోపల నేను చెప్పల్లనుకున్నది మర్చిపోతా."

నా నాలుక మీదికి అప్పటికే ఒకటొచ్చి కూర్చుంది. మంచిది కూడా. మింగేశాను.

"ఇప్పుడు చెప్పు," అన్నాను.

చాలాసేపు చెప్పింది. దోసెలు చల్లారాయి. ఆమె చెప్పిందంతా ఇక్కడ రాయను. బేసు గురించి అందులో ఉన్నది రెండు మాటలే.

కడపలో కల్యాణ మండపం నిండిపోయింది. దేవేంద్రప్ప జ్వరం నుంచి లేచి వచ్చాడు. నన్ను చూసి మిక్సర్ వెనక నిలబడిపోయాడు. "శెట్టీ, నేను..." అన్నాడు.

"నువ్వేం చెప్పొద్దప్పా. ఈ పొద్దు ఆ మీట ఎంత ఎత్తల్లనో పాపనే అడుగు. అస్సలు వద్దంటే అస్సలు వద్దు."

స్టేజి ఎక్కి గిటారు తగిలించుకున్నాను. డబ్బా కాలి దగ్గర ఉంది, లైటు వెలగకుండా. శ్రావణి మైకు పట్టుకుంది. దేవేంద్రప్ప అటు నుంచి చెయ్యెత్తి, ఎంత అన్నట్టు చూశాడు. ఇప్పుడామెకు నన్ను నిలబెట్టుకోవలసిన అవసరం లేదు. షరతు మైదుకూరులోనే అయిపోయింది. అరచేయి మొత్తం దించేసినా ఎవరూ ఏమీ అనరు, నాతో సహా.

ఆమె చెయ్యి నడుము దగ్గరికి వచ్చింది. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి, మధ్యలో కొంచెం సందు వదిలింది. జొన్నగింజంత.

రెండు నెలలు ఐదు మరలతో కుస్తీ పట్టి, వేళ్లు బొబ్బలెక్కించుకుని, సుబ్బమ్మ గిన్నెకు చిల్లి పెడితే, చివరికి నా వాటాకు జొన్నగింజంత. దేవేంద్రప్ప మీటను అంతే జరిపాడు. పాట మొదలైంది. నేను నా జొన్నగింజను జాగ్రత్తగా పట్టుకుని వాయించాను.

రెండో చరణం మొదట్లో, గొంతు సన్నగా పైకి పోయేచోట, ఆమె వెనక్కి తిరగకుండానే మళ్లీ దేవేంద్రప్పకు వేళ్లు చూపించింది. ఈసారి సందులో శెనగ్గింజ పట్టేది.

కాలి దగ్గర లైటు వెలిగిందేమో తెలీదు. నేను అటు చూడలేదు.